మంచులో అరగంట

2024 నవంబర్ 10, సూర్యాపేట

పొద్దున డెయిరీ షెడ్డులో రెండు పాల బండ్లకు సెల్ఫ్ అందలేదు. నలుగురం కలిసి నెట్టితే గాని కదల్లేదు. "చలికి బ్యాటరీ సచ్చింది సార్" అన్నాడు తుంగతుర్తి రూటు కుర్రాడు. ఇంకా మఫ్లరు కూడా పెట్టెలోంచి తీయని చలి ఇది. మన దగ్గర బ్యాటరీని చంపేది మే నెల. బానెట్ కింద ఉడికి లోపలి ప్లేట్లు అప్పుడే పాడవుతాయి. వాతావరణం వెచ్చగా ఉన్నన్నాళ్లూ మిగిలిన బలంతోనే నెట్టుకొస్తుంది. రాత్రిళ్లు చల్లబడి, ఇంజనాయిలు చిక్కబడి, లోపలి రసాయన చర్య మందగించాక సంగతి బయటపడుతుంది. మూడేళ్లు దాటిన బ్యాటరీలన్నీ లోడ్ టెస్టుకు పంపాలని ఆఫీసుకు రాశాను. నడుస్తున్నదాన్ని మార్చడమెందుకు అంటారు. చూద్దాం.

బొలెరోల్లో హీటర్ ప్లగ్గులు కూడా చూడాలి. డాష్‌బోర్డు మీద కాయిల్ గుర్తు ఆరకముందే సెల్ఫ్ కొట్టడం మా వాళ్లందరికీ అలవాటు.

నవంబర్ 13

గాలి సంగతి. మధ్యాహ్నం పంక్చర్ షాపులో కొట్టించుకొస్తారు. అప్పటికి టైరు తిరిగి తిరిగి కాలి ఉంటుంది. మీటరు సరిగ్గానే చూపిస్తుంది. అదే టైరును తెల్లవారి నాలుగింటికి చూస్తే మూణ్నాలుగు పాయింట్లు తక్కువ. సుమారు ఐదారు డిగ్రీలు చల్లబడితే ఒక పాయింటు పడిపోతుంది. ఇకనుంచి గాలి షెడ్డులోనే, బండి కదలకముందే.

నవంబర్ 15, కార్తీక పౌర్ణమి

పాలు పెరిగే కాలం మొదలైంది. బర్రెలు ఎక్కువగా వానాకాలం చివర, చలికాలం మొదట్లో ఈనుతాయి. గట్ల మీద పచ్చిగడ్డి ఉంటుంది. మే నెలలో సగం క్యాన్లతో వచ్చిన బండి ఇప్పుడు డోరు మూతపడనంత నిండుగా వస్తోంది. అంటే ఏడాదిలో బండి ఎక్కువ బరువు మోసేదీ, రోడ్డు తక్కువ కనిపించేదీ ఒకే కాలంలో. ఈ మాట ఇన్నేళ్లలో ఏ మీటింగులోనూ వినలేదు. బ్రేకు షూల ఖర్చు మాకు ఉగాది ముందు, కొత్త బడ్జెట్‌తో పాటు వస్తుంది. రావలసింది దసరాకి.

నవంబర్ 19

పాల బండికి వెనక లైట్లు ఎందుకు పోతాయో కనిపెట్టడానికి పెద్ద మెకానిక్ అక్కర్లేదు. క్యాన్లు కడిగిన నీళ్లు, ఒలికిన పాలు వెనక డోరు కిందనుంచి కారి లైటు డొప్పలోకి దిగుతాయి. తుప్పు పట్టి ఎర్త్ పోతుంది. బల్బు బాగానే ఉంటుంది గాని వెలగదు, లేదా బ్రేకు తొక్కితే ఇండికేటర్ కొట్టుకుంటుంది. ఎలక్ట్రీషియన్ రోజంతా కూర్చుని వైర్లు గీకి, ఛాసిస్‌కు కొత్తగా ఎర్త్ బిగించి, పైన గ్రీజు పూశాడు.

తర్వాత రేడియం స్టిక్కర్లు. ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు, ఇది రూలు. ఫిట్‌నెస్‌కు పోయే రోజున కొత్తవి మెరుస్తాయి. నెల తిరిగేసరికి పేడ, దుమ్ము, పాల జిడ్డు. రేడియం తనంతట తాను వెలగదు గదా, వెనకవాడి లైటునే వాడికి తిప్పి పంపుతుంది. జిడ్డు పట్టిందంటే ఏమీ పంపదు. క్యాన్లు కడిగేటప్పుడే ఒక తడిబట్ట దానిమీదా వేయమని క్లీనర్లకు చెప్పాను.

ఇదంతా చూస్తూ మా పెద్ద డ్రైవర్ అన్నాడు, "నేనెట్లనో మెల్లగ పోత సార్. ఎనుక నుంచి వచ్చేటోడే నా భయం."

నవంబర్ 24, ఆదివారం

కలెక్షన్ అయ్యాక డ్రైవర్లందరినీ డెయిరీ వెనక ఖాళీ జాగాలో నిలబెట్టాను. టేపుతో 50 మీటర్లు కొలిచి ఆ చివర ఒక క్యాను పెట్టించాను. వాతావరణ శాఖ లెక్క ప్రకారం చూపు 1000 మీటర్ల లోపుకు పడిపోతే పొగమంచు. 200 లోపైతే దట్టమైనది, 50 లోపైతే అతి దట్టమైనది. ఇవాళ ఆ క్యాను దాకే కనిపిస్తోందనుకోండి అన్నాను.

60లో పోయే బండి సెకనుకు 16, 17 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో ఉందని చూసి, అదేమిటో తెలిసి, కాలు బ్రేకు మీదికి చేరేసరికి సెకనున్నర. 25 మీటర్లు అక్కడే అయిపోయాయి. బ్రేకు పట్టాక ఇంకో 23. రోడ్డు పొడిగా ఉండి, టైర్లు మంచివై, బండి ఖాళీగా ఉండి, డ్రైవర్‌కు నిద్ర చాలితే క్యానుకు రెండు మీటర్ల ఇవతల ఆగుతుంది. 80లో వస్తే క్యాను దాటి పాతిక మీటర్లు పోయాక. 40లో అయితే 27 మీటర్లకే ఆగుతుంది, సగం దూరం మనకు మిగులుతుంది.

లెక్క ఎవరికీ ఎక్కలేదు. ఆవులింతలు. అప్పుడు అర్వపల్లి రూటు బండిలో క్యాన్ల నిండా నీళ్లు పట్టించి, 40లో రమ్మని, చెయ్యి ఊపగానే తొక్కమన్నాను. లెక్క కంటే బాగా అవతల ఆగింది. వెనక క్యాన్లు వచ్చి క్యాబిన్‌కు గుద్దుకున్న చప్పుడుకు నిద్రమొహాలన్నీ లేచాయి. అందరూ ఒకసారి తొక్కి చూస్తామని పోటీ పడ్డారు. డీజిలు ఎందుకు తగలేశారని రేపు అడుగుతారు.

హైబీమ్ గురించి కూడా చెప్పాను. పై లైటు వేస్తే ఆ వెలుగు గాలిలోని నీటి తుంపర్లకు తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది. డిమ్ కిందికి, రోడ్డు మీద పడుతుంది. ఫాగ్ లైట్లు బంపర్ కింద పెట్టడం కూడా అందుకే. ఇవి మా వాళ్లకు తెలుసు. తెలిసినా ఏమీ కనిపించనప్పుడు చెయ్యి దానంతటదే డిప్పర్ మీదికి పోతుంది.

డిసెంబర్ 2

ఫెంగల్ తుపాను మొన్న పుదుచ్చేరి వైపు తీరం దాటింది. ఇక్కడ ముసురు. మబ్బు ఉన్నంతసేపు మాకు నిశ్చింత, నేల వేడి పైకి పోదు. మబ్బు విచ్చుకుని, గాలి ఆగి, నేల తడిగా ఉన్న రాత్రి చూడాలి. చెరువులు, కాలువలు, పల్లపు పొలాలు ఉన్నచోట తెల్లారగట్ల మంచు దిగుతుంది. సూర్యుడు వచ్చాడని తొందరపడడానికీ లేదు. మొదటి ఎండ తగిలిన కాసేపు ఇంకా చిక్కబడుతుంది, ఆ తర్వాతే విడుస్తుంది.

డిసెంబర్ 4

పొద్దున 7:27కి భూమి కదిలింది. ములుగు దగ్గరట, 5.3. షెడ్డులో క్యాన్లన్నీ గలగలలాడాయి. రూటులో ఉన్న ఒకాయన బండి ఆపి, దిగి, నాలుగు టైర్లూ తన్ని చూసుకుని మళ్లీ ఎక్కాడట. సాయంత్రం దాకా నవ్వుకున్నాం.

డిసెంబర్ 9

అనుకున్నదే అయింది. మూసీ వంతెన దగ్గర, మునగాల వైపు సాగర్ ఎడమ కాలువ గట్టు వెంట బండి ముందు బానెట్ తప్ప ఏమీ కనిపించలేదన్నారు. మునగాల రూటు బండి ముందు ఉన్నట్టుండి ఒక ట్రాలీ ప్రత్యక్షమైంది. ఐకేపీ కొనుగోలు కేంద్రానికి వడ్లు తోలుతున్న ట్రాక్టరు. వెనక ఒక్క లైటు లేదు, రేడియం లేదు, బస్తాల మీద నల్ల టార్పాలిన్. మావాడు మెల్లగానే పోతున్నాడు కాబట్టి బ్రేకు అందింది. క్యాన్లు పడ్డాయి, కొన్ని పాలు నేలపాలు.

ఈ కాలంలో మా రోడ్లకు ఇదొక్కటే కాదు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, బండ్లు ఎక్కకుండా చుట్టూ బండరాళ్లు పేరుస్తారు, రాత్రికి కుప్ప చేసి పట్టా కప్పి పోతారు. రైతుకు కల్లం లేదు, ఎక్కడ పోసుకుంటాడు? అయినా ఆ రాళ్లను బైకు మీద వెళ్లేవాడు మంచులో చూడలేడు. గ్రామసభలో ఎవరో ఒకరు, కనీసం ఆ రాళ్లకు సున్నం పూయమని చెబితే బాగుండు.

డిసెంబర్ 12

మునగాల రూటు డ్రైవర్ నా టేబుల్ మీద ఒక చీటీ పెట్టాడు. ఆలస్యానికి కోత, ఒలికిన పాలకు కోత. ట్రాలీని గుద్దనందుకు ఒక బహుమతి కాలమ్ లేదు ఆ చీటీలో.

మా దగ్గర రూల్ ఏమంటే, బండి ప్లాంటు గేటు దాటే టైము రాసి ఉంటుంది, అది మించితే కోత. ఆ టైము ఎప్పుడో ఎండాకాలంలో పెట్టింది. ఎండాకాలం అరగంట ఆలస్యమైతే పాలు పులుస్తాయి, అది నిజం. ఇప్పుడు?

ల్యాబ్ అమ్మాయి దగ్గరికి వెళ్లి ఎంబీఆర్‌టీ రిజిస్టర్ అడిగాను. పాలలో నీలం రంగు మందు వేసి, ఆ రంగు ఎంతసేపు నిలుస్తుందో చూసే పరీక్ష. సూక్ష్మజీవులు ఎక్కువగా ఉంటే రంగు తొందరగా పోతుంది. "ఏం జూస్తున్నరు అన్నా?" అంది. మే నెల పేజీలు, ఈ నెల పేజీలు పక్కపక్కన పెట్టమన్నాను. చూడగానే ఆ అమ్మాయికే అర్థమైంది. అవే ఊళ్లు, అవే క్యాన్లు, ఈ నెలలో నీలం చాలా ఎక్కువసేపు నిలుస్తోంది. చల్లగాలి మాకు ఉచితంగా కూలింగ్ చేసి పెడుతోంది. ఆ మిగిలే సమయాన్ని డ్రైవర్‌కు ఇవ్వకుండా కోత చీటీ ఇస్తున్నాం.

డిసెంబర్ 16

ధనుర్మాసం. నాలుగున్నరకే గుళ్లలో మైకులు. ముగ్గులు వేసే ఆడవాళ్లు వాకిళ్లు దాటి రోడ్డంచు దాకా వస్తారు. అయ్యప్ప స్వాములు చన్నీళ్ల స్నానానికి, పూజకు నడిచి పోతుంటారు, నల్లబట్టలతో, చెప్పులు లేకుండా, తారురోడ్డు మీద. మా పెద్ద డ్రైవర్ మొన్న ఒక స్వామిని ఆపి, తన బండికి మిగిలిన రేడియం ముక్క సంచికి అంటించి, "స్వామీ శరణం, తీయకుర్రి" అని చెప్పి వచ్చాడట. ఈ ఆలోచన నాకు తట్టలేదు. మిగిలిన రోల్ ముక్కలన్నీ చింపి ప్రతి బండి డ్యాష్‌బోర్డులో పెట్టించాను, దారిలో సైకిలు కనిపించినా అంటించమని.

మంకీ క్యాపులు తీయించడం మాత్రం నావల్ల కాలేదు. చెవులు మూసుకుపోతాయి, పక్కచూపు తగ్గుతుంది. హైవే మీద యూటర్న్ దగ్గరా, ఊళ్ల క్రాసింగుల దగ్గరా మంచులో కళ్ల కంటే చెవులే నయం. అద్దం దించి ఒక్కసారి వినమంటాను. "చలి సార్" అంటారు.

డిసెంబర్ 22

లారీ నడిపే మా బావ వచ్చాడు. నల్లగొండ బత్తాయి ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీలో దించి, తిరుగు కిరాయి దొరికేదాకా అక్కడే ఉండి వచ్చాడు. మా మంచు కథలు విని నవ్వాడు. "మీది పొయ్యి మీద పొగ బామ్మర్దీ. అక్కడ దిగి, చెయ్యి చాపితె ఏలు కనపడది." యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద డిసెంబర్ 15 నుంచి ఫిబ్రవరి 15 దాకా స్పీడ్ లిమిటే తగ్గించేస్తారు. కార్లకు మామూలుగా ఉండే 100 ఆ రెండు నెలలు ఉండదు. ఇది నేను మీటింగుకు రాసి పెట్టుకున్నాను. ఒక రోడ్డుకు చలికాలపు టైము వేరే ఉండొచ్చు గాని ఒక డెయిరీకి ఉండకూడదా?

బావ కుర్రతనంలో లేహ్ దాకా పోయాడు. చలికి డీజిల్లో మైనం గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోయేదట. ట్యాంకు కింద మంట పెట్టేవాళ్లట, కిరోసిన్ కలిపేవాళ్లట. 2019లో ఇండియన్ ఆయిల్ లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిలు తెచ్చిందని నేను చెబితే, "మా నాడు లేకపాయె" అన్నాడు. క్యాబిన్ అద్దాలు మూసి, బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్న ఇద్దరు తెల్లారి లేవలేదని కూడా చెప్పాడు. కుంపటి నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, తెలియకుండానే మనిషి పోతాడు. మా షెడ్డులో రాత్రి డ్యూటీ వాళ్లు తలుపులేసుకుని కుంపటి పెడతారు. రేపే తీయించాలి.

డిసెంబర్ 28

అద్దం మసక. బయట మంచు సగం, లోపల మనుషుల ఊపిరి సగం. కొత్త బండ్లకు ఏసీ వేస్తే తేమ లాగేస్తుంది. పాత బండ్లకు ఏసీ ఎక్కడిది? బీడీ పొగాకు తడిపి అద్దానికి రుద్దుతారు, కాసేపు పనిచేస్తుంది. రెండు వైపులా అద్దాలు వేలెడు దించితే అంతకంటే బాగా పనిచేస్తుంది, కాని ఇందాకటి జవాబే, చలి.

పెద్ద డ్రైవర్‌కు ఎదుటి లైటు చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయట. ఇన్నాళ్లూ మంచు వల్లనుకున్నాడు. కంటి వెలుగు క్యాంపులో ఇచ్చిన అద్దాలు ఉన్నాయిగా అంటే, అవి పేపర్ చదవడానికట. కంటి డాక్టర్ శుక్లం అన్నాడు. ఆపరేషన్ అయ్యేదాకా పగటి ట్యాంకర్ డ్యూటీకి మార్చాను. ముఖం మాడ్చుకున్నాడు. తెల్లవారి రూటుకు బత్తా ఎక్కువ మరి.

2025 జనవరి 1

జాతీయ రహదారి భద్రతా మాసం. గేటుకు బ్యానరు కట్టారు. డ్రైవర్లకు తలా ఒక గులాబీ. బ్యాటరీల ఫైలు ఇంకా పైనే ఉంది.

జనవరి 6

స్టాఫ్ అంతా టెంపో మాట్లాడుకుని లంబసింగి పోయొచ్చాం. ఏ మంచును చూసి నేను రాత్రిళ్లు నిద్రపోనో, దానికోసం అర్ధరాత్రి నర్సీపట్నం నుంచి కార్లు బారులు కట్టి వస్తున్నాయి. ఫొటో కోసం మలుపు మధ్యలో లైట్లు ఆర్పి నిలబడ్డ వాళ్లనూ చూశాను.

టెంపో డ్రైవర్ మాత్రం పని తెలిసినవాడు. పాతికేళ్లు కూడా ఉండవు. ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడు అదే గేరు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచడు, మలుపుకు ముందే ఇంజన్‌తో వేగం తగ్గించుకుంటాడు. రాలిన ఆకులు మంచుకు తడిసి ఉన్నచోట అసలు బ్రేకే ముట్టలేదు. మా ల్యాబ్ అమ్మాయి "జర జల్ది పోనియ్యన్నా, సూర్యోదయం అయితది" అంటే, "సూర్యుడు రేపూ వస్తాడండి" అన్నాడు. వాడికి ఉద్యోగం ఇస్తానన్నాను. ఇక్కడి కిరాయిలు బాగున్నాయట.

జనవరి 11

పండగ బండ్లు. హైదరాబాదు నుంచి బయల్దేరిన కార్లన్నీ పంతంగి టోలు దాటి, కొర్లపహాడ్ దాటి తెల్లవారుజామున మా మీదుగా పోతున్నాయి. రాత్రంతా మేలుకున్న కళ్లు, వెనక సీటులో పిల్లలు, నాలుగు ఇండికేటర్లూ వేసుకుని ఎనభైలో. ఆ నాలుగూ వేస్తే బండి ఆగి ఉందో పోతుందో, ఎటు తిరుగుతుందో వెనకవాడికి ఎట్లా తెలుస్తుంది? అవి ఆగిన బండికి.

మా ట్యాంకర్ హైవే మీదికి ఎక్కాలంటే వీళ్ల మధ్యలోకే. సగం నిండిన పాల ట్యాంకర్ మహా చెడ్డది. కడగడానికి వీలుగా ఉండాలని చాలావాటికి లోపల అడ్డు పలకలు పెట్టరు. బ్రేకు కొట్టగానే పాలన్నీ ముందుకు వచ్చి బండిని మళ్లీ తోస్తాయి. ఆగిందనుకున్న బండి ఇంకాస్త జరుగుతుంది. అందుకే ఈ నాలుగు రోజులు ట్యాంకర్ ఎండ వచ్చాకే కదలాలని నోటితోనే ఆర్డర్ వేశాను. కాగితం మీద పెడితే మూడు సంతకాలు కావాలి.

జనవరి 20

మీటింగు. రిజిస్టర్ల జిరాక్సులు, ఎక్స్‌ప్రెస్‌వే సంగతి, మునగాల చీటీ, అన్నీ పెట్టాను. అడిగింది రెండే. కార్తీక పౌర్ణమి నుంచి శివరాత్రి దాకా బండ్లు అరగంట ఆలస్యంగా బయల్దేరాలి. మంచు పడిన రోజు గేటు టైము కోత ఉండకూడదు.

అకౌంట్స్ ఆయన, "అలుసిస్తే రోజూ మంచే అంటారు" అన్నాడు. ప్రతి ఊరి పాల కేంద్రం ముందూ ఒక కరెంటు స్తంభానికి తెల్లరంగు పూద్దాం, కేంద్రం నుంచి అది కనిపించకపోతే అక్కడి సెక్రటరీ ఫోన్ చేసి రాయిస్తాడు, డ్రైవర్ మాట అక్కర్లేదు అన్నాను. ఇది ఆయనకు నచ్చింది. మనుషుల కంటే స్తంభాల మీద నమ్మకం ఎక్కువ ఉన్నవాళ్లు దొరకడం ఒక్కోసారి అదృష్టమే. కోత ఎత్తేశారు. అరగంట మాత్రం ఊళ్లతో మాట్లాడుకో అన్నారు.

జనవరి 27

మాట్లాడాను. పాలు పోసేవాళ్లకు ఇబ్బంది లేదు. బర్రె తన టైముకు చేపుతుంది, వాళ్లు తెచ్చి కొలిపించి, మిరప ఏరడానికి ఆటోలు ఎక్కి పోతారు. (ఆ ఆటోల్లో పదిహేను మంది, ముందు ఒక్క లైటు. ఇంకో నోట్‌బుక్కు కావాలి దానికి.) ఇబ్బందల్లా సెక్రటరీలకు. క్యాన్లు ఎత్తించేదాకా వాళ్లు కేంద్రం దగ్గర ఉండాలి. చాలామంది ఒప్పుకున్నారు. ఒకాయన మాత్రం, "నాకూ తోట ఉంది పటేలా, ఆరున్నరకు కరెంటు వస్తది, మోటరు ఎవరు ఏస్తరు?" అన్నాడు. న్యాయమైన మాటే. కేంద్రం తాళం వాళ్ల వదిన దగ్గర పెట్టి, క్యాన్లు ఆమె ఎత్తిస్తే నెలకు ఎంతో కొంత ఇస్తామన్నాను. ఆమెను పిలిచి అడిగితే, ఆ ఎంతో కొంత ఎంతో ముందు చెప్పమంది. రేపు అకౌంట్స్ ఆయనతో మాట్లాడాలి.